కాకినాడ చేప కూకట్‌పల్లికి చెడకుండా రావాలంటే

హైదరాబాద్‌లో సముద్రపు చేపల కొట్టు పెడదామనుకునే వాళ్లు ముందు షట్టర్ వెతుకుతారు, అడ్వాన్స్ కడతారు, బోర్డు రాయిస్తారు, ఆ తర్వాత సరుకు ఎక్కడ దొరుకుతుందా అని ఫోన్లు మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. ముందు కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఒక నెల రూమ్ తీసుకుని ఉండండి, రోజూ తెల్లవారకముందే చేపల రేవుకి వెళ్లండి, మొదటి వారం ఏమీ కొనకండి.

ఎందుకంటే అక్కడ వేలం పాట పాడటం ఒక్కటే వ్యాపారం కాదు. చాలా బోట్లకు డీజిల్‌కీ వలలకీ సావుకార్లు ముందే డబ్బు పెట్టి ఉంటారు, మంచి సరుకు ఎవరికి వెళ్లాలో బోటు ఒడ్డుకు రాకముందే తేలిపోయి ఉంటుంది. నిన్నగాక మొన్న వచ్చి రూపాయి ఎక్కువిస్తానంటే చేప రాదు, పేరు చెడుతుంది. ఒక కమీషన్ ఏజెంటుని నమ్ముకుని, చెప్పిన రోజుకి డబ్బు వేస్తూ కొన్ని నెలలు నడపండి, అప్పుడు ఆయనే ఫోన్ చేసి “చందువ బాగా పడిందండీ, రెండు బాక్సులు పెట్టమంటారా” అంటాడు.

చేప చూడటం నాకు నేర్పింది రేవులో గంప పెట్టుకుని అమ్మే ఒక పెద్దావిడ. “కన్ను చూసి మోసపోకు బాబూ, మొప్ప ఎత్తి చూడు” అంది. మొప్ప లోపల ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగి జిగటగా ఉంటే వదిలేయండి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. రొయ్యకైతే తల గట్టిగా అతుక్కుని ఉందా, నల్లబడిందా చూసుకోండి. రొయ్య రేటు కౌంట్ మీద నడుస్తుంది, 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు. తలా పెంకూ తీసి అమ్మేట్టయితే దాదాపు సగం బరువే మిగులుతుందని లెక్క వేసుకోండి.

ఇక ఐసు. నా మొదటి లోడు 40 కిలోల వంజరం, థర్మోకోల్ బాక్సులకు కింద రంధ్రాలు పెట్టలేదు. దారిలో ఐసు కరిగి ఆ నీళ్లలోనే చేప నానింది, తెల్లవారి మూత తీస్తే పైవరుస బాగానే ఉంది, చెయ్యి అడుక్కి పెడితే మాంసం వేళ్లకు మెత్తగా తగిలింది. సగానికి పైగా పారేశాను. అప్పటి నుంచి కిలో చేపకి కిలో ఐసు, అదీ పొడి కొట్టించిందే, పెద్ద గడ్డలైతే చేపకు దెబ్బ తగులుతుంది, మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి. అడుగున ఐసు, దాని మీద పొట్ట కిందికి ఉండేలా చేప, మళ్లీ ఐసు, మూలన రంధ్రం. కాకినాడ నుంచి మనకు దాదాపు 500 కిలోమీటర్లు, సాయంత్రం బయల్దేరిన బండి తెల్లవారేలోపు చేరాలి, దింపేటప్పుడు మీరే దగ్గరుండాలి.

క్యాలెండర్ గోడకు పెట్టుకోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. మృగశిర కార్తె వచ్చేది జూన్ 7, 8 తేదీల్లో, ఊరంతా చేప తినాలనుకునే రోజు, అప్పటికి నిషేధం ఇంకా వారం మిగిలే ఉంటుంది. అందుకని భీమవరం చెరువు రొయ్యలకీ, పెంపకం పండుగప్పకీ, ఇక్కడి కొర్రమీనుకీ, బొచ్చెకీ ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆ రెండు నెలల అద్దె పక్కన పెట్టుకోండి. కార్తీకమాసంలో గిరాకీ తగ్గుతుంది, తుఫాన్లూ దాదాపు అప్పుడే, కాబట్టి సరుకు తక్కువ తెప్పించండి.

ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, కాటాకు తూనికల శాఖ ముద్ర, ఇవి కొట్టు తెరవకముందే పూర్తి చేయండి.

కూకట్‌పల్లి, నిజాంపేట వైపు కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ, వాళ్లకు మనం చెప్పక్కర్లేదు, మొప్ప వాళ్లే ఎత్తి చూస్తారు. నిన్నటి సరుకు మిగిలితే నిన్నటిదని చెప్పి తక్కువకు ఇవ్వండి. కోయకముందు తూకం చూపించండి, కోశాక వంజరం తల కూడా కవర్లో వేసి ఇవ్వండి, పులుసుకి ఆ తలే కావాలనే వాళ్లు చాలామంది.