ఫ్రీజర్‌లోని చికెన్, మటన్‌కు ఐస్ తొందరగా పోవాలంటే

ఫ్రీజర్‌లోంచి చికెన్ తీసి వంటింటి గట్టు మీద పెట్టి వేరే పనిలో పడిపోవడం చాలా ఇళ్లల్లో అలవాటు. దయచేసి మానేయండి, ముఖ్యంగా ఎండాకాలంలో. మే నెలలో వరంగల్‌లో బయట 42, 43 డిగ్రీలుంటే మన వంటింట్లో ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. ముక్క లోపల ఇంకా రాయిలా ఉండగానే పైభాగం వెచ్చబడుతుంది, 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. ఫ్రీజర్ దాన్ని చంపదు, పెరగకుండా ఆపుతుంది, అంతే. పచ్చి మాంసం బయట 2 గంటలకు మించి ఉండొద్దు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే ఒక్క గంటే.

టైమ్ ఉంటే ఫ్రిజ్ పద్ధతే మంచిది. ఆదివారం వండాలంటే శనివారం పొద్దున్నే కింది అరలోకి మార్చండి, అరకిలోకైనా దాదాపు ఒక రోజు పడుతుంది. లోతైన గిన్నెలో పెట్టండి, లేకపోతే ఆ నీళ్లు కారి కూరగాయల మీద, పెరుగు మీద పడతాయి.

చుట్టాలు వస్తున్నామని అప్పటికప్పుడు ఫోన్ చేశారా? టెన్షన్ పడకుండా చల్లటి నీళ్ల పద్ధతి పట్టుకోండి. నీళ్లు లోపలికి పోని కవర్‌లో మాంసం వేసి, గాలి తీసి గట్టిగా మూసి, పెద్ద గిన్నెలో పూర్తిగా మునిగేలా పెట్టి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. అరకిలోకు గంట లోపే అయిపోతుంది, కిలోన్నర గడ్డకు రెండు మూడు గంటలు. అయితే మన దగ్గర ఒక చిక్కుంది: ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు నల్లా తిప్పగానే వేడిగా వస్తాయి, వాటిని వాడితే గట్టు మీద పెట్టినట్టే. రంజన్ (మట్టి కుండ) నీళ్లో, బిందెలో పట్టి పెట్టినవో తీసుకుని నాలుగు ఐస్ ముక్కలు వేయండి. తొందరలో మరిగిన నీళ్లు మాత్రం పోయకండి, పైన సగం ఉడికి లోపల గడ్డ అట్లనే ఉంటుంది.

మైక్రోవేవ్‌లో డీఫ్రాస్ట్ పెడితే మధ్యలో ఆపి ముక్కలు తిప్పండి, అంచులు ఉడకడం మొదలవుతుంది కాబట్టి తీసిన వెంటనే వండేయాలి. నీళ్లలో పెట్టినది కూడా అంతే, వండకుండా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఫ్రిజ్‌లో కరిగినదాన్ని మాత్రం మళ్లీ పెట్టుకోవచ్చు, కాకపోతే రుచి కొంత తగ్గుతుంది.

బఠానీలు, స్వీట్ కార్న్, ప్యాకెట్ పరోటాలకు ఇదేమీ అక్కర్లేదు, నేరుగా పొయ్యి మీదికే.

అసలు తిప్పలంతా ఫ్రీజర్‌లో పెట్టే రోజే మొదలవుతుంది. మేడారం మొక్కు తీర్చుకున్నాకో, బోనాల దావత్ అయ్యాకో మిగిలిన మటన్‌ను రెండు మూడు కిలోలు ఒకే కవర్‌లో కుక్కేస్తాం. అది ఎన్ని నీళ్లు మార్చినా తొందరగా కరగదు. ఒక పూటకు సరిపడా అరకిలో చొప్పున విడదీసి, కవర్‌ను చేత్తో ఒత్తి పలుచగా పరిచి, తేదీ రాసి పెట్టండి. పలుచటి ప్యాకెట్ చల్లటి నీళ్లలో చాలా తొందరగా విడిపోతుంది.