నలభైకి చేరువవుతున్న స్త్రీలు మంచి దుస్తులు ఎక్కడ కొనుక్కోవాలి

ముప్పై అయిదేళ్లు దాటిన తర్వాత చాలామంది స్త్రీలకు భుజాల కొలత దాదాపు మునుపటిలాగే ఉండి, ఛాతీ, నడుము, పిరుదుల కొలతలు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో తీరుగా మారుతాయి. రెడీమేడ్ దుస్తులు తయారు చేసేవారు ఒక సైజు నుంచి పై సైజుకు వెళ్లేటప్పుడు అన్ని కొలతలనూ కలిపి పెంచుతారు కాబట్టి, నడుముకు సరిపోయిన కుర్తా భుజాల మీద జారుతుంది, భుజాలకు సరిపోయినది పొట్ట దగ్గర పట్టేస్తుంది. అద్దం ముందు నిలబడి ఏదీ బాగుండటం లేదని నొచ్చుకునే వారిలో చాలామందికి అసలు చిక్కు వయసుతో కాదు, ఈ కొలతలతోనే. అందువల్ల మంచి దర్జీని ముందుగా వెతుక్కుని, ఆ తర్వాత గుడ్డ దొరికే చోట్లకు వెళ్లాలనీ, రెడీమేడ్ దుకాణాలను కొన్ని రకాల దుస్తులకే పరిమితం చేసుకోవాలనీ నా గట్టి అభిప్రాయం.

మీ ఒడ్డూ పొడుగూ ఉన్న పరిచయస్తురాలు ఎవరైనా వేసుకున్న జాకెట్టు చంకల దగ్గర ముడతలు లేకుండా కుదిరి ఉంటే, ఎక్కడ కుట్టించారని అడగడమే దర్జీని వెతకడానికి ఉత్తమమైన మార్గం. కొత్త దర్జీ దగ్గరికి పట్టుగుడ్డ తీసుకువెళ్లకుండా, తక్కువ ధర నూలు గుడ్డతో ఒక జాకెట్టో కుర్తానో కుట్టించి, పని చూసిన తర్వాతే ఖరీదైనవి ఇవ్వాలి. చాలామంది అయిదారేళ్ల నాటి ఆది జాకెట్టు ఇచ్చి, దాని ప్రకారమే కుట్టమని చెబుతారు. ఆ జాకెట్టులో ఉన్నది అప్పటి ఒంటి కొలత గనుక కొత్తది కూడా అదే ఇబ్బందితో వస్తుంది. ఒంటి మీద కొత్తగా కొలతలు తీయించుకోవడం, ఆ రోజు మీరు మామూలుగా వాడబోయే లోదుస్తులే వేసుకుని వెళ్లడం తప్పనిసరి. నిజానికి దర్జీ దగ్గరికి వెళ్లే ముందే, కొలత తీసి సరైన సైజు చూపించే లోదుస్తుల దుకాణానికి ఒకసారి వెళ్లి రావాలి, ఎందుకంటే బ్రా సైజు తప్పయితే ఎంత నేర్పరి కుట్టిన జాకెట్టయినా ఛాతీ దగ్గర కుదరదు. ఛాతీ నిండుగా ఉన్నవారికి మామూలు టక్కుల (గుడ్డను మడిచి కుట్టిన) జాకెట్టు కంటే, ఛాతీ దగ్గర గిన్నె ఆకారంలో ముక్కలు కలిపి కుట్టే కటోరీ కట్టో, ఛాతీ మీదుగా నడుము దాకా నిలువు కుట్లు వచ్చే ప్రిన్సెస్ కట్టో బాగా అమరుతుంది. రెండు పక్కలా కుట్టు లోపల అంగుళం గుడ్డ వదలమని ముందే చెప్పాలి, అప్పుడు ఒళ్లు కాస్త మారినా విప్పి కుట్టించుకునే వీలుంటుంది.

కుట్టించుకోవడానికి ఆషాఢం చాలా అనువైన కాలం. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, దుకాణాలు తగ్గింపు ధరలు ప్రకటిస్తాయి, దర్జీలకు పని ఒత్తిడి తక్కువగా ఉంటుంది. శ్రావణం మొదలైందంటే దసరా, దీపావళి, పెళ్లిళ్ల పనులు వరసగా వచ్చిపడి, సరిచేయించుకోవడానికి మళ్లీ తీసుకువెళ్లినా పట్టించుకునే తీరిక వారికి ఉండదు.

ఇక గుడ్డ సంగతి. హైదరాబాదులో ఉన్నవారు నగరంలో మొదట వెళ్లదగినది సికింద్రాబాదులోని జనరల్ బజారు. తాను (చుట్టిన పొడవాటి గుడ్డ) నుంచి కావలసినంత కోసి ఇచ్చే దుకాణాలూ, లైనింగు, ఫాల్సు, జాకెట్టు ముక్కలు అమ్మే మ్యాచింగ్ సెంటర్లూ అక్కడ పక్కపక్కనే ఉండటం వల్ల కుర్తా గుడ్డ చేతిలో పట్టుకుని దానికి తగిన లైనింగునూ అంచునూ అప్పటికప్పుడే సరిపోల్చుకోవచ్చు. కోఠిలోని సుల్తాన్ బజారు కూడా ఇటువంటిదే. చార్మినార్ దగ్గరి మదీనా, పత్తర్‌గట్టీ ప్రాంతం డ్రెస్ మెటీరియల్‌కూ, పనితనం ఉన్న గుడ్డలకూ పేరు పొందింది. విజయవాడలో వస్త్రలత, రాజమండ్రిలో తాడితోట, చీరాలలోని వస్త్ర మార్కెట్టు ప్రధానంగా టోకు వ్యాపార కేంద్రాలు. వాటిలో కొందరు విడిగా అమ్మరు గనుక గడపలోనే అడిగి లోపలికి వెళ్లడం మంచిది. ఎక్కడ కొన్నా ముందు గుడ్డ పన్నా, అంటే వెడల్పు, ఎంతో అడగాలి. నలభై నాలుగు అంగుళాల పన్నా ఉన్న గుడ్డ అయితే మోకాలి దాకా వచ్చే కుర్తాకు సాధారణంగా రెండున్నర మీటర్లు సరిపోతుంది, పన్నా తక్కువైతే ఎక్కువ కావాలి. నూలు గుడ్డను కుట్టించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టకపోతే, మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి కుదిరిన కుర్తా కాస్తా బిగుసుకుపోతుంది.

అయితే గుడ్డ కోసం ఈ వయసు స్త్రీలకు నేను అన్నిటికన్నా ముందు సూచించేది నేత ఊళ్లనే. మనకు ఇంత దగ్గరలో ఇన్ని రకాల నేతలు ఉండటం నిజంగా అదృష్టం. యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి హైదరాబాదు నుంచి ఒక్కపూటలో వెళ్లి రాగల దూరంలోనే ఉంది. విజయవాడ రహదారి మీదుగా వెళితే చౌటుప్పల్ ప్రాంతంలోని కొయ్యలగూడెం కూడా చూడవచ్చు. పట్టుచీరలు చూడాలనుకునేవారికి పోచంపల్లి, కుర్తాలకు నూలు ఇకత్ గుడ్డ కావలసినవారికి కొయ్యలగూడెం అనువుగా ఉంటాయి. ఇకత్ నేతలో గుడ్డ నేయక ముందే పడుగు (నిలువు) నూలునో పేక (అడ్డం) నూలునో, లేక రెండింటినీనో, ముడులు కట్టి రంగు వేస్తారు. అందుకే అసలైన ఇకత్ గుడ్డకు రెండు వైపులా డిజైను ఒకేలా కనిపిస్తుంది, గీతల అంచులు కత్తిరించినట్టు కాకుండా కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. వెనక వైపు రంగు వెలసినట్టు ఉందంటే అది ఇకత్‌ను అనుకరించిన అచ్చు గుడ్డ అని అనుమానించాలి. ఈ గుడ్డలో రంగులూ ఆకృతులూ వాటంతటవే నిండుగా ఉంటాయి కాబట్టి, కుట్టు ఎంత సాదాగా ఉంటే అంత అందం. లేసులు, గోటాలు, అద్దాలు ఏవీ జోడించకుండా, నిలువు మెడ, ముప్పావు చేతులతో కుట్టించిన ఇకత్ కుర్తా కార్యాలయానికీ, బంధువుల ఇంటి శుభకార్యానికీ కూడా పనికొస్తుంది.

మంగళగిరి నూలు గుడ్డ స్వభావం ఇంకో రకం. గుడ్డ మధ్య భాగంలో ఏ బుటా లేకుండా, అంచున మాత్రం సన్నని జరీ గీతతో ఉండే ఆ గుడ్డ చీరగానే కాక డ్రెస్ మెటీరియల్‌గానూ, తానుగానూ దొరుకుతుంది. విజయవాడ, గుంటూరు వాసులకు అది చేరువలోనే ఉంది. ఎక్కువ ఆడంబరం ఇష్టపడని వారికి దీనికి మించినది లేదని నా అభిప్రాయం. ముఖ్యంగా, నలభైలలో కొందరికి ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టడం మొదలవుతుంది. అలాంటి వారు పాలియెస్టరు కలిసిన గుడ్డలను వదిలి మంగళగిరి నూలుకో, మల్‌మల్‌కో, వెంకటగిరి సన్ననూలుకో మారితే ఎంతో హాయిగా ఉంటుంది. మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దిన కలంకారీ గుడ్డ దొరుకుతుంది, శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీసినది దొరుకుతుంది. రెంటికీ ధరలో చాలా తేడా ఉండటం న్యాయమే. చెక్క అచ్చుతో అద్దిన గుడ్డలో ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. ఎక్కడా ఏ తేడా లేకుండా యంత్రం వేసినట్టు ఉంటే అది స్క్రీన్ ప్రింటు కావచ్చు, దానికి అద్దకం ధర చెల్లించనవసరం లేదు.

నేత ఊరికి వెళ్లే వీలు లేనివారికి చేనేత సహకార సంస్థలైన ఆప్కోకు ఆంధ్రప్రదేశ్‌లో, టెస్కోకు తెలంగాణలో విక్రయశాలలు ఉన్నాయి, పండుగల సమయంలో అవి రిబేటు ఇస్తాయి. హైదరాబాదు మాదాపూర్‌లోని శిల్పారామంలో నేతకారులే కొట్లు పెట్టి అమ్ముతారు. ఏటా డిసెంబరులో జరిగే మేళా సమయంలో ఇతర రాష్ట్రాల చేనేతలు కూడా అక్కడ చూడవచ్చు. కొనేటప్పుడు చేనేతకు హ్యాండ్లూమ్ మార్కు, పట్టుకు కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సిల్క్ మార్కు చీటీ ఉన్నాయేమో చూడాలి. పట్టు విషయంలో అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు అడిగి తీసుకుని కాల్చి చూడవచ్చు: పట్టు పోగు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిద అవుతుంది, పాలియెస్టరు పోగు కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

చీరల్లో బరువు తగ్గించుకోవాలనుకునేవారు నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు ఉండే గద్వాల చీరను గాని, తేలికైన ఉప్పాడ జాందానీని గాని చూడాలి. రోజువారీ వాడకానికి నారాయణపేట నూలు చీర చాలు.

రెడీమేడ్ దుకాణాల విలువ నేను తక్కువ చేయడం లేదు. ప్యాంట్లు, పలాజోలు, లినెన్ చొక్కాలు, రోజూ కార్యాలయానికి వేసుకునే కుర్తాలు కుట్టించుకోవడం కంటే కొనుక్కోవడమే తేలిక. 1960లో మొదలైన ఫ్యాబ్ ఇండియాలోనూ, జైపూర్ అద్దకాల అనోఖీలోనూ నూలు దుస్తులు దొరుకుతాయి. వెస్ట్‌సైడ్, బిబా, డబ్ల్యూ వంటి చోట్ల కార్యాలయ దుస్తులు చూడవచ్చు. ఒక దుకాణంలో 40 అని రాసి ఉన్నది మరో దుకాణంలో 42తో సమానం కావచ్చు గనుక అంకెను చూసి మనసు చిన్నబుచ్చుకోకుండా, వేసుకుని చూసి నిర్ణయించుకోవాలి. ముందుగా భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉందో లేదో చూడాలి, ఎందుకంటే నడుము దగ్గర తగ్గించడం ఏ దర్జీకైనా సులువు, భుజం సరిచేయడం కష్టం. తర్వాత కుర్చీలో కూర్చుని, పక్క చీలికల దగ్గర గుడ్డ లాగుతోందేమో, చేతులు పైకెత్తితే చంకల దగ్గర పట్టేస్తోందేమో గమనించాలి. ధర విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి: 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కోటి రూ. 2,500 మించని కుట్టిన దుస్తులకు జీఎస్టీ 5 శాతం, అంతకు మించిన ధర ఉన్నవాటికి 18 శాతం. కాబట్టి ఆ గీతకు కాస్త పైన ఉన్న కుర్తా కొనే ముందు, అటువంటి గుడ్డే కొని కుట్టించుకుంటే ఎంతవుతుందో లెక్క వేసుకోవడం మంచిది.

దుకాణంలో అమ్మేవారు ‘మీ వయసుకు ఇది బాగుంటుందమ్మా’ అంటూ బూడిద రంగులు, లేత గోధుమ రంగులే ముందు పరుస్తారు. ఆ సలహాను పట్టించుకోనవసరం లేదని నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. చామనఛాయ మేనికి మిరపపండు ఎరుపు, నెమలికంఠం నీలం, ఆకుపచ్చ నలభైలోనూ అరవైలోనూ నప్పుతాయి. నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి దుకాణం దీపాల కింద కాక, గుమ్మం దగ్గరికి వచ్చి పగటి వెలుతురులో గుడ్డను మెడ దగ్గర పెట్టుకుని చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొనేవారు సైజు అక్షరాన్ని నమ్మకుండా, తమకు బాగా కుదిరిన పాత కుర్తాను నేల మీద పరిచి చంకల మధ్య వెడల్పు కొలిచి, అమ్మేవారు ఇచ్చిన దుస్తు కొలతతో పోల్చుకోవాలి. ఆ వెడల్పును రెట్టింపు చేస్తే వచ్చేది దుస్తు చుట్టుకొలత. అది మీ ఛాతీ కొలత కంటే కనీసం రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉంటేనే ఊపిరాడుతుంది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ద్వారా అమ్మే చిన్న వ్యాపారుల దగ్గర మంచి చేనేత దొరుకుతుంది గాని, వాపసు తీసుకుంటారా, మార్పిడి మాత్రమేనా అన్నది డబ్బు పంపక ముందే రాతపూర్వకంగా అడగాలి. పార్శిలు తెరిచేటప్పుడు వీడియో తీయడం, చీర అయితే కొంగు నుంచి చివరి దాకా పూర్తిగా విప్పి మరకలు, చిరుగులు, పోగులు తెగిన చోట్లు ఉన్నాయేమో చూడటం మరవకూడదు. ఫాల్ కుట్టించిన చీరను సాధారణంగా ఎవరూ వెనక్కి తీసుకోరు గనుక, ఆ పరీక్ష పూర్తయి, ఉంచుకోవాలని నిశ్చయించుకున్న తర్వాతే దాన్ని ఫాలుకూ పీకోకూ ఇవ్వాలి.