ఇంట్లోనే మరకల వైద్యం – 4: నేరేడు మరక, అంతకుముందు పసుపు గొడవ

పోయిన పాఠంలో పసుపు మరక గురించి అంతా చెప్పి, చివర్లో "తర్వాత మామూలుగా ఉతికేయండి" అని తేల్చేశాను. తప్పు నాదే. మామూలుగా అంటే చాలామందికి బట్టల సబ్బు. రుద్దగానే పచ్చటి మరక కాస్తా ఎర్రబడింది. చీర పోయిందని టెన్షన్ పడి ఇంకాస్త రుద్దారు. అది ఇంకాస్త ఎర్రబడింది.

చీరకేం కాలేదు. హారతికి ఎర్రనీళ్ళు ఎలా కలుపుతారు? పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తారు. సున్నం క్షారం, బట్టల సబ్బూ క్షారమే. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది. మీ పళ్ళెంలో జరిగిందే చీర కొంగు మీదా జరిగింది. నిమ్మరసం కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి, జాడించి, ఎండలో వేయండి. కర్క్యుమిన్‌కి ఎండంటే పడదు, రెండు మూడు ఎండలకు పాలిపోతుంది. రంగు చీరైతే మాత్రం ఎండ దాని రంగునీ తినేస్తుంది, కనిపెట్టుకుని ఉండండి.

ఇక నేరేడు. దీని రంగు ఆంథోసయనిన్. నల్లద్రాక్ష తొక్కలో ఉండేదీ ఆ జాతిదే కాబట్టి రెడ్ వైన్ మరకకూ ఇదే పాఠం. అమెరికాలో ఉన్న మా చెల్లెలు వైన్ ఒలికినప్పుడల్లా ఫోన్ చేస్తుంది, నేను నేరేడు వైద్యమే చెబుతాను. కార్పెట్ మీద మాత్రం మరిగే నీళ్ళు పోయొద్దంటాను.

ఇక్కడ కూడా మీ చెయ్యి సబ్బు మీదికే పోతుంది. ఆపండి. మా వాడు స్కూలు చొక్కా జేబులో నాలుగు నేరేడు పళ్ళు వేసుకుని, ఆ సంగతి మరిచి బెంచీ మీద బోర్లా పడుకున్నాడు. ఇంటికొచ్చేసరికి జేబు కింద అరచేయంత ఊదా మరక. నేను వంటింట్లో ఉండగా వాళ్ళ నాన్న సాయం చేద్దామని సబ్బు రుద్దారు. మరక నీలంగా మారింది. "చూడు, పోతోంది" అన్నారు. పోవడం కాదు, వేషం మార్చడం. క్షారం తగిలితే ఈ రంగు నీలానికి తిరుగుతుంది, మరీ ఎక్కువైతే ఆకుపచ్చకు కూడా. వంటసోడా చల్లినా అంతే. రంగు మారింది కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైగా నేరేడు పండు తిన్నాక నాలుక మీద వగరు ఉంటుంది చూశారా, అదీ మరకలో ఉంటుంది. వగరున్న మరక మీద ముద్ద సబ్బు రుద్దితే అది బట్టను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే మరక పోయేదాకా సబ్బు గట్టు దిగకూడదు.

తెల్ల నూలు బట్టకు నేను చేసేది ఇది. రసాన్ని పాత గుడ్డతో అద్దుతాను, రుద్దను. తిరగేసి, వెనక వైపు నుంచి కుళాయి నీళ్ళు పట్టిస్తాను. నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచితే మరక గులాబీ రంగుకు వస్తుంది. అప్పుడు మరక ఉన్న చోటును లోతు గిన్నె మూతి మీద బిగించి రబ్బరు బ్యాండు వేసి, మరిగే నీళ్ళు అడుగు ఎత్తు నుంచి సన్నటి ధారగా పోస్తాను. గిన్నె సింకులో పెట్టండి, చెయ్యి దూరంగా ఉంచండి. పచ్చి మరక చాలావరకు అక్కడే దిగిపోతుంది.

మిగిలిన నీడకు మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్ళు కలపండి. నిమ్మరసం జాడించేశాక దీన్ని పోసి అరగంట ఉంచండి. వేళ్ళకు తగిలితే కాసేపు తెల్లబడి చురుక్కుమంటాయి, గ్లవ్స్ వేసుకోండి. రంగు బట్టైతే ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. ఉప్పు చల్లమని అందరూ చెబుతారు. తడి పీల్చుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి నాకు దాని మీద నమ్మకం లేదు. పట్టు మీద వేడినీళ్ళు, పెరాక్సైడ్ రెండూ వద్దు. అద్ది, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి.

బ్లీచింగ్ నీళ్ళు వాడే అలవాటున్నవాళ్ళు దాన్ని నిమ్మరసంతో, వెనిగర్‌తో కలపకండి. విషవాయువు వస్తుంది.

అభ్యాసం: పాత తెల్ల పంచె నుంచి జానెడు ముక్కలు ఐదు కత్తిరించండి. ఒక్కోదాని మీద అర నేరేడు పండు నలపండి. కాలం దాటితే నల్లద్రాక్ష తొక్క తీసుకోండి. మొదటిదానికి వెంటనే సబ్బు. రెండోదానికి నిమ్మ మాత్రమే. మూడోదానికి నిమ్మ, మరిగే నీళ్ళు. నాలుగోదాన్ని రెండు రోజులు వదిలేసి, తర్వాత మూడోదానికి చేసినట్టే చేయండి. ఐదోదాన్ని ముందు ఇస్త్రీ చేసి, అప్పుడు మొదలుపెట్టండి. ఐదూ ఒకే దండెం మీద ఆరేయండి. వచ్చే పాఠం ఆవకాయ నూనె. ఆ ముక్కలు అప్పుడూ కావాలి, పారేయకండి.