ఇంటి డిజిటల్ పత్రాలు తరాలపాటు నిలవాలంటే

భూమి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకాలు, మార్కుల జాబితాలు, పెద్దల ఫొటోలు ఫోనులో ఉన్నంత మాత్రాన భద్రంగా ఉన్నట్టు కాదు. ముందుగా వాటిని కనీసం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించి, పత్రాలను దీర్ఘకాలం దాచడానికి రూపొందించిన పీడీఎఫ్/ఏ రూపంలోనూ, ఫొటోలను నాణ్యత తగ్గని టిఫ్ రూపంలోనూ దాచాలి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినది సాధారణంగా నాణ్యత తగ్గి వస్తుంది కనుక, దానిని డాక్యుమెంటుగా పంపమని అడగాలి.

డీటీపీ కేంద్రాల్లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైపు చేయించిన వంశవృక్షాలు, గ్రామ చరిత్రల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ఫాంటు దొరుకుతున్నప్పుడే వాటిని ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించి, ముఖ్యంగా ఒత్తులను అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, అందులో ఒక ప్రతి వేరే ఊరిలో అన్నది ఈ రంగంలో స్థిరపడిన నియమం. మన ఉత్తరాంధ్ర జిల్లాలకు అందులోని చివరి మాటే ప్రాణం. శ్రీకాకుళంలో ఒక ప్రతి, విశాఖపట్నంలోని బంధువుల ఇంట మరొకటి ఉంటే చాలుననుకోవడం పొరపాటని నా అభిప్రాయం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఒకే తుపాను రెండు ప్రతులనూ ముంచే అవకాశం ఉన్నప్పుడు, ఒకదానిని హైదరాబాదులో ఉంటున్న పిల్లల దగ్గర, పాస్‌వర్డుతో తాళం వేసిన హార్డ్ డిస్కులో ఉంచడం మేలు.

ఏళ్ల తరబడి పక్కన పెట్టేయడానికి పెన్‌డ్రైవులు, ఎస్ఎస్‌డీలు (పెన్‌డ్రైవులాగే చిప్పుల్లో సమాచారం దాచే డిస్కులు) తగవు; విద్యుత్తు అందకపోతే వాటిలోని సమాచారం క్రమంగా చెరిగిపోవచ్చు. హార్డ్ డిస్కునైనా ఉప్పుగాలి తగలకుండా సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్ఏ-256 సంకేతాన్ని (ఫైలులోని సమాచారం నుంచి కంప్యూటరు లెక్కగట్టే, వేలిముద్ర వంటి అక్షరాల వరుసను) తీసి రాసి ఉంచుకుంటే, సంక్రాంతికి అందరూ ఇంటికి చేరినప్పుడు మళ్లీ తీసి పోల్చవచ్చు. సంకేతం మారితే ఆ ఫైలులో ఏదో మారిందని గ్రహించి, చెడని ప్రతి నుంచి దానిని తిరిగి నింపుకోవాలి.

గూగుల్ ఖాతాను రెండేళ్లపాటు వాడకపోతే, ఆ సంస్థ దానిని తొలగించవచ్చు. కనుక ఖాతాదారు తరువాత సమాచారం ఎవరికి అందాలో గూగుల్ ఖాతాలోని ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజరు అనే సదుపాయంలో ముందే నమోదు చేయాలి. డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖలు జారీచేసిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన చెల్లుబాటు ఉంది. మనం స్కాన్ చేసి ఎక్కించినవాటికి అది లేదు. అందుచేత స్కానింగు పూర్తయినా కాగితపు దస్తావేజులను పారవేయరాదు.