తేనెటీగల పెంపకం నేర్చుకుందాం – 4వ పాఠం: తగ్గింపు ధరకు పెట్టెలు, సామాను

పోయిన పాఠంలో పెట్టె భాగాలు చూశాం: అడుగు పలక, పిల్లల గది, తేనె గది, లోపలి మూత, పైకప్పు. ఈసారి వాటిని చవగ్గా కొనడం గురించి. టేపు, స్టీలు స్కేలు దగ్గర పెట్టుకోండి. ముందు కొలత, ఆ తర్వాతే బేరం.

మీరు పెంచబోయే ఈగ ఏదో ముందే తేల్చుకోవాలి. అరకు, పాడేరు కొండల్లో దొరికే దేశవాళీ సెరానా ఈగకు చిన్న పెట్టె కావాలి. ఇటాలియన్ మెల్లిఫెరా ఈగకు పది ఫ్రేముల (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాల) లాంగ్‌స్ట్రాత్ పెట్టె కావాలి. దీని ఫ్రేము దానిలో పట్టదు. సగం ధరకు వస్తోందని రెండో రకం తెచ్చి అందులో దేశవాళీ ఈగల గుంపును దింపితే, అంత ఖాళీని ఆ ఈగలు నింపలేవు. పట్టులోని మైనాన్ని తినేసే మైనపు పురుగుకు చోటిచ్చినట్టవుతుంది.

లాంగ్‌స్ట్రాత్ కొలతలు రాసుకోండి. ఫ్రేము పై పట్టీ 482 మి.మీ., కింది పట్టీ 448, ఎత్తు 232. పెట్టె లోపలి పొడవు 465. 465లోంచి 448 తీసేస్తే 17, అంటే ఫ్రేముకు రెండు చివరలా ఎనిమిదిన్నర మి.మీ. సందు. ఈగలు తిరిగే దారి అదే. సందు 6 మి.మీ. కంటే తగ్గితే ఫ్రేమును గోడకు జిగురుతో అతికించేస్తాయి. 10 దాటితే మధ్యలో అడ్డంగా పట్టు కడతాయి. అప్పుడు ఫ్రేము పైకి లాగితే పట్టు తెగుతుంది, తేనె కారుతుంది, ఒక్కోసారి రాణి నలిగిపోతుంది.

చవక పెట్టెల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. వడ్రంగి బయటి కొలత పట్టుకుని కోస్తాడు. 22 మి.మీ. పలక బదులు 18 వాడితే లోపల 8 మి.మీ. పెరిగి, ఒక్కో వైపు సందు పన్నెండున్నర అవుతుంది. బయటి నుంచి చూస్తే పెట్టె బాగానే ఉంటుంది! అందుకని లోపలి కొలతే అడగండి. ఒకరి దగ్గర పిల్లల గది, ఇంకొకరి దగ్గర తేనె గది కొనకండి. తప్పనిసరైతే ఒక పెట్టె ఫ్రేము రెండో పెట్టెలో వేలాడదీసి చూశాకే డబ్బులివ్వండి.

వానాకాలంలో పూలు తగ్గుతాయి, గిరాకీ తగ్గుతుంది, ధర దిగుతుంది. అరకు లోయలో వలిసె పూత అక్టోబరు నుంచి మొదలవుతుంది కాబట్టి, పూత దగ్గరపడేసరికి పెట్టెల కోసం జనం ఎగబడతారు. వర్షాల్లో కొనడం మంచిదే, కానీ చెక్క తడిగా ఉంటుంది. ఒకే కొలత పలకలు రెండు చేతుల్లో పట్టుకుని చూడండి. ఒకటి బాగా బరువుగా ఉంటే పచ్చి చెక్క. ఎండాకాలానికి అది ముడుచుకుని కీళ్లు విచ్చుకుంటాయి, చీమలు దూరతాయి. విశాఖ గాలిలో ఉప్పు ఎక్కువ కాబట్టి మామూలు మేకులు త్వరగా తుప్పు పడతాయి. జింకు పూత ఉన్న స్క్రూలు అడగండి. ప్లైవుడ్ పెట్టె ఎంత చవకైనా వద్దు, తేమకు పొరలు విడిపోతాయి.

పాత పెట్టె కొనేటప్పుడు మొదటి ప్రశ్న ధర కాదు, ‘ఇందులోని ఈగలు ఏమయ్యాయి?’ అని. జవాబు తడబడితే వదిలేయండి. ఈగ పిల్లలను చంపే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే బాక్టీరియా తెగులు బీజాలు చెక్కలో దశాబ్దాలు బతికి ఉంటాయి. పట్టు గదుల అడుగున నల్లగా ఎండి అతుక్కున్న పొలుసులు కనిపిస్తే ఆ సామాను ముట్టుకోకండి. దేశవాళీ ఈగకు పెద్ద ముప్పు, పిల్లలను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1990ల మొదట్లో అది దక్షిణ భారతంలో లెక్కలేనన్ని ఈగల గుంపులను తుడిచిపెట్టింది. కాబట్టి పాత పట్లు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఖాళీ పెట్టెను గీకి, చాకలి సోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఎండబెట్టి, లోపలి గోడలు లేత గోధుమ రంగు వచ్చేదాకా బ్లో లాంపుతో కాల్చండి. దీనితో మైనపు పురుగు గుడ్లు పోతాయి. ఫౌల్‌బ్రూడ్ అనుమానం ఉన్న పెట్టెకు మాత్రం ఇది చాలదు.

ఈగలు పట్టు కట్టడానికి ఆధారంగా ఫ్రేములో బిగించే మైనపు షీట్లు తగ్గింపులో కొనకపోవడమే మేలు. పారఫిన్ కలిపినవి వేసవిలో సాగి జారిపోతాయి. అసలు తేనెటీగ మైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గదుల ముద్ర కూడా కొలవండి: వరసగా పది గదులు సుమారు 54 మి.మీ. వస్తే అది మెల్లిఫెరా షీటు, దేశవాళీకి 50 లోపే ఉండాలి.

తేనె తీసే యంత్రం ఫుడ్ గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే పాతదైనా పర్వాలేదు. జింకు రేకుది వద్దు, తేనెలోని పులుపుకు జింకు కరుగుతుంది. ఈగలను శాంతపరిచే పొగడబ్బా తిత్తి నొక్కి చూడండి, గాలి పక్కనుంచి పోకూడదు. ముసుగు కుట్లు వెలుతురుకు పెట్టి చూడండి.

బయటి ఊళ్ల నుంచి తెప్పిస్తే విడి పలకలుగా పంపమనండి. బిగించిన పెట్టెలో లారీ గాలి మోస్తుంది, తగ్గింపు కాస్తా కిరాయికే పోతుంది.

ఈ వారం అభ్యాసం: ఇద్దరు అమ్మకందార్ల దగ్గర పది పెట్టెలకు ధర అడగండి. పలక మందం, లోపలి పొడవు, ఫ్రేము కింది పట్టీ, రవాణా, స్క్రూల ఖర్చు ఒకే కాగితంపై రాసి, పైన చెప్పిన సందు లెక్క వేయండి. 5వ పాఠంలో విడి పలకలను మూలమట్టం తప్పకుండా బిగించడం.