ఆనంద్‌పూర్ సాహిబ్‌ను ఏ వరుసలో చూడాలి

పంజాబ్‌లోని రూపనగర్ జిల్లాలో, శివాలిక్ కొండల పాదాన ఉన్న ఆనంద్‌పూర్ సాహిబ్‌కు వచ్చేవారిలో చాలామంది నేరుగా పెద్ద గురుద్వారాకు వెళ్లి, దర్శనం చేసుకుని, మ్యూజియం చూసి, సాయంత్రానికల్లా చండీగఢ్ తిరుగుముఖం పడతారు. అలా చూసినవారికి ఒక గురుద్వారాకూ మరొక గురుద్వారాకూ తేడా తెలియదు. ఇక్కడి ప్రతి గురుద్వారా ఏదో ఒక సంఘటన జరిగిన చోటనే వెలిసింది కనుక, ఆ సంఘటనల క్రమంలో తిరిగితేనే ఊరు అర్థమవుతుంది. చండీగఢ్ నుంచి వచ్చే దారి కూడా చాలావరకు ఆ క్రమానికి అనుకూలంగానే ఉంది. రెండు పూర్తి రోజులు చేతిలో ఉంచుకోవడం మంచిది.

చండీగఢ్ నుంచి రూపనగర్, కీరత్‌పూర్ సాహిబ్ మీదుగా రోడ్డు ప్రయాణం సుమారు 85 కిలోమీటర్లు ఉంటుంది. ఢిల్లీ నుంచి అంబ్ అందౌరా వెళ్లే వందే భారత్ రైలు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో ఆగుతుంది. రైలులో దిగినవారు మాత్రం దాదాపు 10 కిలోమీటర్లు వెనక్కి వెళ్లి కీరత్‌పూర్ నుంచే మొదలుపెట్టాలని నా సలహా.

కీరత్‌పూర్ ఆరో గురువు హర్‌గోబింద్ నెలకొల్పిన ఊరు. ఏడో గురువు హర్ రాయ్, ఎనిమిదో గురువు హర్ క్రిషన్ ఇక్కడే జన్మించారు. సట్లెజ్ ఒడ్డున ఉన్న పాతాళ్‌పురి గురుద్వారాకు సిక్కు కుటుంబాలు అస్థికల నిమజ్జనానికి వస్తుంటాయి కనుక, అక్కడ ఫోటోలు తీయకుండా ఉండడం మర్యాద. తర్వాత బిబాన్‌గఢ్ సాహిబ్ చూడాలి. కాశ్మీరీ పండితుల మొర విని ఢిల్లీ బయలుదేరిన తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ 1675లో ఔరంగజేబు పాలనలో శిరచ్ఛేదానికి గురయ్యారు. ఆయన శిరస్సును భాయి జైతా రహస్యంగా ఇంత దూరం మోసుకొచ్చినప్పుడు, తొమ్మిదేళ్ల కుమారుడు గోబింద్ రాయ్ దానిని స్వీకరించినది ఈ చోటనే.

ఆ శిరస్సుకు అంత్యక్రియలు జరిగిన స్థలమే ఆనంద్‌పూర్‌లోని సీస్‌గంజ్ గురుద్వారా. ఊరిలో అడుగుపెట్టగానే ముందుగా ఇక్కడికే వెళ్లాలి. దగ్గరలోనే ఉన్న గురు కే మహల్ గురువుగారి నివాస స్థలం, అందులోని భోరా సాహిబ్ ఆయన ధ్యానం చేసుకున్న నేలమాళిగ. 1665లో ఆయన ఈ ఊరికి పునాది వేసి, తల్లి నానకీ పేరిట చక్ నానకీ అని పిలిచారు.

ఇంత చూశాక తఖ్త్ శ్రీ కేస్‌గఢ్ సాహిబ్ మెట్లు ఎక్కాలి. సిక్కుల ఐదు తఖ్తులలో, అంటే మతాధికార పీఠాలలో, ఇది ఒకటి. తండ్రి తర్వాత పదో గురువైన ఆ గోబింద్ రాయ్, అంటే గురు గోబింద్ సింగ్, 1699 వైశాఖి నాడు కత్తి దూసి, తలనిచ్చే వారెవరని సభను అడిగినప్పుడు ఒకరి వెంట ఒకరుగా లేచిన ఐదుగురికి ఖండా అనే రెండంచుల కత్తితో కలిపిన తీపినీటిని అమృతంగా ఇచ్చి, దీక్ష పొందిన సిక్కుల సమాజమైన ఖాల్సాను స్థాపించినది ఇక్కడే. ఆ పంచ ప్యారేలలో ఒకరైన భాయి సాహిబ్ సింగ్ స్వస్థలం తెలంగాణ సరిహద్దున ఉన్న బీదర్ అని తెలుగు యాత్రికులలో ఎందరికి తెలుసో! లోపల భద్రపరచిన గురువుగారి ఆయుధాలలో ఖండాతో పాటు నాగినీ బర్ఛా అనే ఈటెను కూడా గుర్తుపట్టండి. శత్రువులు సారా తాగించి కోట తలుపు మీదికి తోలిన ఏనుగును భాయి బచిత్తర్ సింగ్ ఈ ఈటెతోనే పొడిచి వెనక్కి తిప్పాడని చెబుతారు. ఆ కోట లోహ్‌గఢ్. ఆనంద్‌గఢ్ అనే మరో కోటతో పాటు దానినీ ఆ మధ్యాహ్నమే చూడవచ్చు.

గురుద్వారాలోకి వెళ్లేటప్పుడు స్త్రీ పురుషులందరూ తల కప్పుకోవాలి; చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని ప్రవేశించాలి. పొగాకు, మద్యం జేబులో కూడా ఉండకూడదు. సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్ వైపు కాళ్లు చాపకూడదు, కడాహ్ ప్రసాదాన్ని రెండు చేతులూ జోడించి పట్టుకోవాలి. లంగర్ అనే ఉమ్మడి భోజనశాలలో అందరితో పాటు నేలమీద కూర్చుని, తినగలిగినంతే వడ్డించుకోవాలి. భోజనానికి డబ్బు అడగరు, ఇవ్వదలచినవారు గోలక్ అనే హుండీలో వేస్తారు. గిన్నెలు తోమడానికో రొట్టెలు చేయడానికో కాసేపు కూర్చుంటే ఎవరూ వద్దనరు.

విరాసత్-ఎ-ఖాల్సా మ్యూజియాన్ని రెండో రోజుకు ఉంచుకోండి. ముందే చూస్తే పేర్లన్నీ కలగాపులగమవుతాయి. వాస్తుశిల్పి మోషే సఫ్దీ రూపొందించిన ఈ కట్టడం 2011లో ప్రారంభమైంది. సోమవారం మూసి ఉంటుంది. ప్రవేశం ఉచితం.

హోలీ వేళ జరిగే హోలా మొహల్లా ఉత్సవంలో నిహంగులనే సిక్కు యోధుల గుర్రపు స్వారీ, గత్కా అనే కత్తిసాము, కర్రసాము విద్య చూడదగినవే. అయితే ఆ రోజుల్లో బస దొరకడం కష్టం, గురుద్వారాలలో నిదానంగా తిరగడం అంతకన్నా కష్టం. ఉత్సవమో, ఊరో, ఏది చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. ఊరి కోసం వచ్చేవారికి నవంబరు, ఫిబ్రవరి నెలలు హాయిగా ఉంటాయి. డిసెంబరు, జనవరిలలో పొగమంచు రైళ్లను ఆలస్యం చేస్తుంది.

మరో రోజు ఉంటే హిమాచల్ వైపు నైనాదేవి ఆలయం, నంగల్ మీదుగా భాక్రా ఆనకట్ట చూడవచ్చు. ఆనకట్టకు అనుమతి అవసరం కనుక గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో కీరత్‌పూర్ దాటాక, రూపనగర్ చేరకముందే పరివార్ విఛోడా గురుద్వారా వస్తుంది. 1704లో ముట్టడిలో ఉన్న ఆనంద్‌పూర్‌ను వదిలి వస్తూ, పొంగుతున్న సరసా ఏటి దగ్గర గురు గోబింద్ సింగ్ కుటుంబం చెల్లాచెదురైంది ఇక్కడే. పెద్ద కుమారులు అజీత్ సింగ్, జుఝార్ సింగ్ పోరాడి మరణించిన చమ్‌కౌర్ సాహిబ్ రూపనగర్ నుంచి దూరం కాదు. దానిని కూడా చూసుకుని మోరిండా మీదుగా చండీగఢ్ చేరవచ్చు.