యూఎస్‌బీ పెట్టగానే ఆగిపోతోందా? బోర్డు కంటే ముందు వైరును అనుమానించండి

టీవీ వెనక పెట్టిన స్ట్రీమింగ్ స్టిక్ (నెట్‌లో సినిమాలు చూపించేది) సినిమా మధ్యలో దానంతటదే ఆఫై మళ్లీ ఆన్ అవుతుంది. ల్యాప్‌టాప్‌కు పెట్టిన హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటుంది గానీ ఓపెన్ కాదు. వెంటనే "బోర్డు ఖరాబైంది" అనేస్తారు. వరంగల్‌లో ఇలాంటివి చాలానే విప్పి చూశాను. ఎక్కువసార్లు బోర్డు బాగానే ఉంటుంది, దానికి అందాల్సిన కరెంటే అందదు.

ఒక యూఎస్‌బీ మీటరు (మధ్యలో తగిలిస్తే వోల్టేజీ చూపించే చిన్న పరికరం), ఒక మంచి వైరు, ఇంకో అడాప్టరు, చెక్క టూత్‌పిక్ ఉంటే చాలు.

ముందు అన్నీ పీకేసి ఒక్క వస్తువే పెట్టి చూడండి. స్విచ్చాఫ్ చేసి పోర్టులో దుమ్ము తీయండి. ఎనుమాముల మార్కెట్లో, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఫోన్లలోనైతే పత్తి పీచు గట్టిగా కూరుకుపోయి ఉంటుంది. సూది, పిన్నీసు మాత్రం వద్దు.

తర్వాత స్టిక్‌ను టీవీ పోర్టు నుంచి తీసి గోడ ప్లగ్గుకు, దాంతోపాటు వచ్చిన అడాప్టరుకే పెట్టండి. టీవీ పోర్టు పెన్‌డ్రైవ్ కోసం ఇచ్చింది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. తిరిగే హార్డ్ డిస్క్ స్టార్టయ్యే క్షణంలో ఒక ఆంపియర్ దాకా లాగుతుంది.

ఇక అందరూ తప్పు చేసేది వోల్టేజీ చూడటంలో. ఖాళీ అడాప్టరుకు మీటరు పెట్టి, 5.1 కనబడగానే "బాగానే ఉంది" అని పక్కన పెట్టేస్తారు. లోడు లేనప్పుడు ఎంత నాసిరకం అడాప్టరైనా 5 చూపిస్తుంది. వస్తువు నడుస్తుండగా, అదీ బాగా పనిచేస్తుండగా చూడాలి. స్టిక్‌లో వీడియో పెట్టండి, హార్డ్ డిస్క్‌లోకి పెద్ద ఫైలు కాపీ చేయండి, అప్పుడు అంకె చూడండి.

మీటరు ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. అడాప్టరు దగ్గర పెడితే తెలిసేది అడాప్టరు సంగతే. వైరు సంగతి తెలియాలంటే మీటరు వైరు చివర, వస్తువుకు ఆనుకొని ఉండాలి. టైప్-సి మీటరుతో ఇది సులువు. సన్నటి 28 గేజ్ వైరు (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం) ఒక మీటరు పొడవుంటే, రెండు ఆంపియర్లకు 0.8 వోల్టుకు పైనే తినేస్తుంది. ఐదులోంచి అది పోతే మిగిలేదెంత? అదే 24 గేజ్ వైరైతే తినేది 0.35 లోపే. అందుకే మూడడుగులు దాటిన వైరు, ఒకే వైరుకు మూడు రకాల చార్జింగ్ పిన్నులున్నది నేను ఇంట్లోకే రానివ్వను.

లోడు మీద వైరు చివర 4.75 వోల్టులకు తగ్గకపోతే నిశ్చింత. ఎన్ఐటీ పిల్లలు వాడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరైతే 4.63 కిందకు పడగానే తెర మీద మెరుపు గుర్తు చూపిస్తుంది. అడాప్టరు దగ్గరే పడిపోతే అడాప్టరు మార్చండి. అక్కడ బాగుండి చివర పడిపోతే వైరు మార్చండి. రెండు చోట్లా బాగుంటే అప్పుడు బోర్డు సంగతి ఆలోచించండి. ఫాస్ట్ చార్జింగ్ ఫోనుకు 9 కనబడితే భయపడకండి, అది అడిగి తెచ్చుకున్న వోల్టేజే.

మల్టీమీటరు ఉంది కదా, యూఎస్‌బీ మీటరెందుకు అంటారు కొందరు. మల్టీమీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల సందులో మరచిపోయి పోర్టుకు తాకించారంటే నేరుగా షార్టే. రెండు మొనలు ఒకదానికొకటి తగిలినా అంతే. తెలిసినవాళ్లు వాడుకోవచ్చు, మిగతావాళ్లు దూరంగా ఉండండి.

హార్డ్ డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతుంటే దానికి కరెంటే కారణం అనుకోకండి. యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి వచ్చే అలజడి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది. మౌస్ రిసీవరును చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరపండి.

పోర్టు ఇచ్చే కరెంటు చాలని చోట సొంత అడాప్టరున్న హబ్ (ఒక పోర్టును నాలుగైదు చేసే పెట్టె) కొనండి. కానీ సెట్‌టాప్ బాక్సు అడాప్టరు పిన్ను కూడా చాలా హబ్‌లకు చక్కగా పట్టేస్తుంది. అది చాలాసార్లు 12 వోల్టులది, పెట్టారంటే హబ్‌తోపాటు దానికి తగిలించినవన్నీ పోవచ్చు. హబ్ అడాప్టరు మీద మార్కర్‌తో "5 వోల్టులు, హబ్‌ది" అని పెద్దక్షరాలతో రాసి పెట్టండి.